మూఢంలో నిలబెట్టిన కారు, కండ్లకోయ దాకా ఒక ప్రయాణం

ఆ వేసవిలో మా పొద్దులన్నీ ఒకే తీరుగా ఉండేవి. అందులో ఒకటి చెబుతాను. నాలుగున్నరకు లేచాను. వాకిలి ఊడ్చి, చల్లి, నాలుగు గీతల ముగ్గు వేశాను. స్నానం చేసి దీపం వెలిగించి సహస్రనామం సగం పైకి, సగం మనసులో చదువుకున్నాను. ఒక చేతిలో కుంకుమ భరిణె, ఇంకో చేతిలో ఎర్రమందారం పట్టుకుని రేకుల షెడ్డు కిందికి వెళ్లాను. అక్కడ మా తమ్ముడు శ్రీను కొన్న తెల్లకారు ఉంది. బానెట్ మీద బొట్టు పెట్టి, అద్దం తుడిచే పుల్ల కింద పువ్వు ఇరికించాను. అంతే, కారు గొంతెత్తింది. కుయ్యోమని ఒకటే కూత. ముందు రెండు, వెనక రెండు లైట్లు పచ్చగా వెలిగి ఆరుతున్నాయి. వీధి కుక్కలు అందుకున్నాయి. శ్రీను లుంగీ సర్దుకుంటూ తాళంచెవితో పరుగెత్తుకొచ్చి మీట నొక్కాడు.

"అక్కా, పువ్వు జర మెల్లగ పెట్టరాదె."

"మెల్లగనే పెట్టిన్రా."

వాడు తాళం వేసి లోపలికి పోయాడు. నేను నుదురు ఆనించి దండం పెట్టుకున్నాను. మళ్లీ కూత. ఈసారి పక్కింటి మక్బూల్ గోడ మీదుగా తొంగిచూశాడు. అతనిది పాల వ్యాపారం. చేతిలో పాలగిన్నె ఉంది. "పెద్దక్కా, మీ కారు మొత్తుకున్నదంటె మా నల్లబర్రె పాలు ఎగజేపుతాంది, సుక్క ఇడుస్తలేదు. ఇట్లయితే బర్రెను మీ షెడ్ల కట్టేసి, మీ కారును నేను పిండుకుంట" అన్నాడు. వంటింట్లోంచి మా మరదలు సునీత నవ్వు వినిపించింది. పొయ్యి మీద చాయ పొంగింది. ఆ రోజు అంతకన్నా ఏమీ జరగలేదు.

మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి కండ్లకోయకు మేం చేసిన ప్రయాణం గురించి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. అటువైపు కాలేజీల్లో పరీక్షలు రాయడానికి పిల్లల్ని తీసుకెళ్లేవారికి పనికొస్తుందని రాస్తున్నాను. ఇది జరిగి కొన్నేళ్లు అవుతోంది. అప్పటికి మా వైపు ఔటర్ రింగ్ రోడ్డు లేదు. సెల్‌ఫోన్ మా వీధిలో ఒకరిద్దరి దగ్గర ఉండేది. మా ఇంట్లో లేదు.

మా తమ్ముడి కూతురు మౌనిక ఆ ఏడు ఇంటర్ ముగించింది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు రెండేళ్లుగా చదువుతోంది. మంచం మీద కాదు, వంటింటి గడప మీద కూర్చుని చదివేది. అక్కడైతే నిద్ర రాదట. హాల్ టికెట్ వస్తే పరీక్ష కేంద్రం కండ్లకోయలో ఒక కాలేజీ అని ఉంది. పరీక్ష పొద్దున పది గంటలకు. నిమిషం ఆలస్యమైనా లోపలికి అనుమతి లేదని అడుగున నల్లటి అక్షరాలతో వేశారు. మౌనిక ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసుకుంది.

కారు సంగతి కూడా ఆ పరీక్ష కోసం కాకపోయినా, ఆ రోజుల్లోనే కుదిరింది. శ్రీను స్కూటర్ అమ్మేసి, కూడబెట్టింది కలిపి, పాతకారు ఒకటి కొన్నాడు. చుట్టూ కొత్త లేఅవుట్లు వచ్చి తెలియని మనుషులు తిరుగుతున్నారని సికింద్రాబాద్‌లో దానికి అలారం బిగించి తెచ్చాడు. తెచ్చిన రెండో రోజు నుంచే మూఢం. వాహన పూజ కాలేదు. మా ఇంట్లో పూజ కాని బండి చక్రం కదలకూడదు. మా బాపు, అంటే నాన్న, ఉన్నప్పుడు ఎడ్లబండికీ అదే లెక్క, తర్వాత స్కూటర్‌కూ అదే లెక్క. బాపు పోయాక ఈ మాట చెప్పే పని నాది అయింది. నేనే పెద్దదాన్ని. పెళ్లి వద్దనుకుని ఈ ఇంట్లోనే ఉండిపోయినదాన్ని. మూఢం పోయేదాకా ఇంజన్ ముట్టుకోవద్దన్నాను. శ్రీను ఎదురు చెప్పలేదు. నలభై రోజులకు పైగా కారు షెడ్డు కింద నిలబడే ఉంది. పంచాంగం చూస్తే మూఢం వెళ్లాక మొదటి మంచి రోజు సరిగ్గా మౌనిక పరీక్ష రోజే. పొద్దున ఎనిమిదీ ముప్పై అయిదుకు ముహూర్తం. కారులో పోతే ముప్పావు గంట. తొమ్మిదీ ఇరవైకల్లా గేటు దగ్గర ఉంటామని లెక్క వేశాం. పూజ, పరీక్ష ఒక్కరోజే పడ్డాయని అందరికీ సంతోషం. ఆ సంతోషం ఎక్కువగా నాదే.

కదలకపోయినా కారుకు పొద్దంతా పనే. అలారం ఎప్పుడూ వేసే ఉండేది. కోడి ఎగిరి పైకెక్కితే కూత. పిల్లలు చెయ్యి వేసి పరుగెత్తితే కూత. తెల్లవారుజామున నా పువ్వు, నా దండం. స్టీరింగ్ దగ్గర చిన్న ఎర్రబల్బు ఒకటి రాత్రీ పగలూ మినుకుమినుకుమంటూ ఉండేది. నాకు అది బాగుండేది. ఆరకుండా ఎవరో దీపం పెట్టినట్టు అనిపించేది.

పరీక్షకు నాలుగు రోజుల ముందు పువ్వు పెడితే కూత రాలేదు. దండం పెడితే రాలేదు. అద్దంలోంచి చూశాను. ఎర్రబల్బు వెలగడం లేదు. సునీత చాయ గ్లాసుతో వచ్చి, "ఇయ్యాల కారు మొత్తుకోలేదేంది వదినె?" అంది. "మనల గుర్తుపట్టింది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. బల్బు మాట ఆమెకు చెప్పలేదు. శ్రీనుకు కూడా చెప్పలేదు. చెప్పవలసిన విషయమని తోచలేదు. ఇన్ని రోజుల పూజకు బండి శాంతించిందనుకున్నాను. ఆ నాలుగు రోజులూ చాలా హాయిగా ప్రార్థన చేసుకున్నాను.

పరీక్ష రోజు పొద్దున అందరం ఆరు గంటలకే తయారు. మౌనిక హాల్ టికెట్, రెండు పెన్నులు, నీళ్ల సీసా ఒక సంచిలో పెట్టుకుంది. ఆరున్నరకు ఊళ్లోంచి షామీర్‌పేట మీదుగా వెళ్లే బస్సు ఉంది. అది మా వీధి చివర ఆగి, హారన్ కొట్టి, వెళ్లిపోయింది. మౌనిక కిటికీలోంచి దాన్ని చూసింది. ఎనిమిదింటికి షెడ్డులో పూజ మొదలుపెట్టాం. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు స్వస్తికం, గుమ్మడికాయ, కొబ్బరికాయ. ఎనిమిదీ ముప్పై అయిదు కాగానే కొబ్బరికాయ కొట్టాను. "ఇగ తియ్యిరా" అన్నాను.

శ్రీను మీట నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు. తాళంచెవితో తలుపు తీసి కూర్చుని తాళం తిప్పాడు. లోపల ఎక్కడో టిక్కుమని ఒక చిన్న శబ్దం వచ్చి ఆగిపోయింది. మూడోసారి ఆ టిక్కు కూడా రాలేదు.

"ఏమైందిరా?"

"బ్యాటరీ సచ్చిపోయింది అక్కా. దీపాలు గూడ ఎలుగుతలేవు."

నా చేతిలో హారతి పళ్లెం ఉంది. కర్పూరం వెలుగుతూనే ఉంది. కొట్టిన కొబ్బరికాయ కింద రెండు చెక్కలుగా పడి ఉంది. ముహూర్తం తప్పకుండా కొట్టిన కాయ, మంచి గడియ, స్నానం చేసి నిలబడ్డ ఇంటిల్లిపాదీ. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కారు ఒక్కటే లేదు.

శ్రీను వీధిలోకి పరుగెత్తి నలుగురిని పిలుచుకొచ్చాడు. "జర నూకుండ్రి అన్నా, సెకండ్ గేర్ల పడుతది" అన్నాడు. నూకారు. నిమ్మకాయలు చితికాయి. బోరింగు దాకా నూకి, గేరు వదిలితే కారు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. మళ్లీ నూకారు. ముసలాయన ఒకాయన గోడ మీద కూర్చుని, "నిమ్మకాయల మీదకెల్లి పోయినంక బండి ఆగుడు నా ఉమర్ల సూడలె" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మక్బూల్ మోటార్ సైకిల్ ఉంటే సరిపోయేది. అతను పాలు పొయ్యడానికి అల్వాల్ వైపు పోయి ఉన్నాడు, పది గంటలకు గాని రాడు.

మౌనిక నా పక్కకు వచ్చింది. "అత్తమ్మా, తొమ్మిది గావస్తాంది. ఆటోకు పోదాం పా."

"ఇంకొక్కపారి నూకనీయ్ బిడ్డా. తొమ్మిదింబావు దాక మంచిగుంది."

అన్నది నేనే. ఇప్పటికీ ఆ మాట నా చెవుల్లో నా గొంతుతోనే వినిపిస్తుంది. ఇంకొక్కసారి కాదు, మూడుసార్లు నూకారు. తొమ్మిదీ అయిదు అయింది. శ్రీను ఏదైనా బండి దొరుకుతుందేమోనని సర్పంచ్ ఇంటి వైపు పరుగెత్తాడు. నేనూ, మౌనికా రోడ్డు మీదికి నడిచాం.

అప్పట్లో మా ఊరి నుంచి షామీర్‌పేటకు సెవెన్ సీటర్ ఆటోలు నడిచేవి. మనిషికి అయిదు రూపాయలు. పేరుకు ఏడుగురు, పది మంది ఎక్కితే గాని కదలదు. మేం వెళ్లేసరికి ఒక ఆటోలో నలుగురు కూర్చుని ఉన్నారు. డ్రైవర్ యాదగిరి మా ఊరివాడే.

"యాదగిరీ, ఇప్పుడే తియ్యి. మిగిలిన సీట్ల పైసలు నేనిస్త. పిల్ల పరీక్ష, కండ్లకోయ దాక పోవాలె."

"తీస్త పెద్దక్కా. కాని షామీర్‌పేట దాకనే. మేడ్చల్ రోడ్డు మా లైన్ గాదు. అటు పోతె అక్కడి ఆటోలోళ్లు అడ్డం నిలబడ్తరు, ఇంక లేటయితది."

నిజమే చెప్పాడు. షామీర్‌పేట చౌరస్తాలో తొమ్మిదీ ఇరవై అయిదుకు దిగాం. మేడ్చల్ బస్సు అప్పుడే వెళ్లిందన్నారు. ఇంకోటి ముప్పావు గంటకట. మేడ్చల్ లైనులో మొదట ఉన్న ఆటో దగ్గరికి వెళ్లాం. డ్రైవర్ తెల్లగడ్డం పెద్దాయన. మొత్తం ఆటో మాట్లాడుకున్నాం. బేరం ఆడలేదు.

"చాచా, పదిలోపల కండ్లకోయ పోతమా?" అని మౌనిక అడిగింది.

"కండ్లకోయ అంటె మేడ్చల్ దాటాలె బేటీ. డీజిల్ బండి ఇది, హెలికాప్టర్ గాదు. కూసో జల్దీ, నా ప్రయత్నం నేను జేస్త."

షామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా పన్నెండు పదమూడు కిలోమీటర్లు ఉంటుంది. అప్పటికి సింగిల్ రోడ్డు. రెండు పక్కలా తోటలు, అక్కడక్కడ ప్లాట్ల రాళ్లు. ఎదురుగా లారీ వస్తే ఆటో మట్టిలోకి దిగాలి. పెద్దాయన హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. నేను కళ్లు మూసుకుని నామం చెప్పుకుంటున్నాను. ఒకసారి కళ్లు తెరిస్తే మౌనిక తన గడియారం విప్పి సంచిలో వేస్తోంది.

"ఎందుకే?"

"సూస్తె సదివింది మరిసిపోతాన అత్తమ్మా."

మేడ్చల్‌లో హైవే ఎక్కే చోట ఒక లారీ గోదాములోకి వెనక్కి తిప్పుకుంటోంది. రోడ్డుకు అడ్డంగా నిలబడింది. పెద్దాయన దిగి వెళ్లి క్లీనర్‌తో అరిచాడు. అయిదు నిమిషాలు. హైవే మీద ఆటో చెయ్యగలిగినంత వేగంగా వచ్చింది. కాలేజీ గేటు ముందు దిగేసరికి అక్కడ చెట్టు కింద కూర్చున్న తల్లిదండ్రులు గడియారాలు చూడడం మానేసి టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నారు. దాన్ని చూస్తేనే నాకు అర్థమైంది. పదీ ఆరు.

గేటు మూసి ఉంది. చిన్న గేటు దగ్గర ఒక కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. మా కన్నా ముందు వచ్చిన ఒకతను తన కొడుకును చూపించి బతిమాలుతున్నాడు. మౌనిక హాల్ టికెట్ చాచింది.

"సార్, ఆరు నిమిషాలే."

"నాకు తెలుసు బిడ్డా. లోపల పేపర్ ఇచ్చిన్రు. నా చేతుల ఏం లేదు."

"ఆటోల వచ్చినం సార్, లాల్‌గడి మలక్‌పేట్ నుంచి. కారు చెడిపోయింది."

"ఇయ్యాల అందరి బండ్లు చెడిపోయినయమ్మా" అన్నాడు. వెటకారంగా అనలేదు. ఇందాకటి నుంచి అదే మాట వింటున్న మనిషిలా అన్నాడు. తర్వాత నా వైపు చూసి గొంతు తగ్గించాడు. "అమ్మా, ఎండల నిలబెట్టకుండ్రి పిల్లను. నీళ్లు తాపించుండ్రి."

మౌనిక అక్కడే నిలబడింది. ఏడవలేదు. గేటు సందులోంచి లోపలి వరండా కనిపిస్తోంది. నల్లబల్ల మీద రూం నంబర్లు రాసి ఉన్నాయి. ఆమె వేలితో గాలిలో వెతికి, "నాది నూటపన్నెండు. మెట్ల పక్కకు" అంది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. మే నెల ఎండ నెత్తి మీద ఉంది. దేవుణ్ని ఏమైనా అడుగుదామన్నా ఏం అడగాలో తోచలేదు. జీవితంలో మొదటిసారి నామం గుర్తుకు రాలేదు. చాలాసేపు అట్లాగే నిలబడ్డాం. తెల్లగడ్డం పెద్దాయన పోలేదు. ఆటో చెట్టు నీడకు పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఆయనే వచ్చి, "వాపస్ షామీర్‌పేట పోతున్న, ఖాళీగనే. కూసోండ్రి. పైసలు అడగ" అన్నాడు.

షామీర్‌పేట చేరేసరికి పదకొండున్నర. చౌరస్తాలో పంక్చర్ దుకాణం పక్కన కరీం అనే ఆయన బ్యాటరీలు చార్జింగ్ పెట్టే దుకాణం ఉంది. అక్కడ మక్బూల్ మోటార్ సైకిల్ కనిపించింది. దాని మీద మా కారు బ్యాటరీ కట్టుకుని శ్రీను, మక్బూల్ వచ్చి ఉన్నారు. శ్రీను మా ముఖాలు చూశాడు. మౌనిక దుకాణం ముందు పాత టైరు మీద కూర్చుంది.

కరీం బ్యాటరీ మూతలు విప్పి, వైర్లు ఆనించి చూసి, తల అడ్డంగా ఊపాడు. "మొత్తం ఖాళీ. లైట్లు ఏసి మరిసిపోయిన్రా?"

"లేదు భాయ్. కారు తియ్యనే తియ్యలేదు. నలభై రోజుల సంది నిలబడే ఉంది" అన్నాడు శ్రీను.

"అలారం ఉన్నదా?"

"ఉన్నది. ఎప్పుడు ఏసే ఉంచిన, దొంగల భయానికి."

కరీం చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ మాటకు మాట గుర్తుంది. "అలారం అంటె కావలోడు. నిద్రపోడు. నిద్రపోకుంటె తిండి గావాలె గద. కొంచెం కొంచెం కరెంటు తాగుతనే ఉంటది, సప్పుడు జెయ్యకున్నా గూడ. మొత్తుకున్నప్పుడయితె బుక్కెడు బుక్కెడు తాగుతది. సైరన్ ఒకటి, నాలుగు లైట్లు. ఇంజన్ నడిస్తె ఆ తాగింది మల్ల నిండుతది. మీరు ఇంజన్ ముట్టుకోలె. తాగుడే గాని పోసుడు లేదు. పైకెల్లి పాత బ్యాటరీ. నలభై రోజులు ఆగిందంటె నాకే తాజ్జుబ్."

"రోజుకు ఎన్నిసార్లు మొత్తుకుంటది?" అని కరీమే మళ్లీ అడిగాడు.

శ్రీను నేల చూశాడు. మక్బూల్ కూడా నేల చూశాడు. పాలు ఎగజేపుతాందని రోజూ నవ్వించినవాడు. కాబట్టి నేనే చెప్పాను. "పొద్దుగాల రెండు మూడు సార్లు. పువ్వు పెట్టినప్పుడు, దండం పెట్టినప్పుడు. మిగిలినవి పిల్లలు, కోళ్లు."

"అచ్ఛా" అన్నాడు కరీం. నన్ను తప్పు పట్టినట్టు అనలేదు. "మరి లోపల లాల్ బత్తి ఉంటది, మినుకుమంటది. అది ఆరిపోతె ఇగ బ్యాటరీల ఏం లేనట్టే. అది ఎవలన్న సూసిన్రా, ఆరిపోయినట్టు?"

శ్రీను లేదన్నట్టు తల ఊపుతున్నాడు. నేను అన్నాను, "నేను సూసిన. నాలుగు రోజులైంది."

అందరూ నా వైపు తిరిగారు. మౌనిక కూడా టైరు మీద నుంచి తల ఎత్తింది. కరీం నెమ్మదిగా, "అప్పుడు చెప్పుంటె ఒక పూట పని అమ్మా. చార్జింగ్ పెట్టి ఇచ్చేటోణ్ని" అన్నాడు.

పక్కనే ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. పొద్దున కారు కదలనప్పుడు తగిలిన దెబ్బ వేరు. గేటు మూసి ఉండడం వేరు. ఇది ఆ రెంటి కన్నా లోపలికి దిగింది. చెడిపోయిన బండి అనుకున్నాను, మా గ్రహచారం అనుకున్నాను, లారీ అడ్డం వచ్చిందనుకున్నాను. నలభై రోజులు నా చేతులతోనే దాన్ని ఖాళీ చేశాను. ఖాళీ అయిందని అది చూపించినప్పుడు, శాంతించిందని సంతోషపడ్డాను. ఇంజన్ ముట్టవద్దన్నది నేను, ముహూర్తం పెట్టింది నేను, తొమ్మిదింబావు దాకా మంచిగుందన్నది నేను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. కరీం భార్య లోపల నుంచి స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టి, గ్లాసు పట్టుకునే నిలబడింది. నేను తాగేదాకా వదల్లేదు.

మధ్యాహ్నం మూడింటికి చార్జింగ్ అయింది. శ్రీను, మక్బూల్ ముందుగా వెళ్లి, రోడ్డు మీది కారుకు బ్యాటరీ బిగించి, దాన్ని షెడ్డులోకి తెచ్చారు. మేం ఊరు చేరేసరికి షెడ్డులో కారు ఇంజన్ తిరుగుతూ ఉంది, మెత్తగా, ఏమీ జరగనట్టు.

నేను పూజ మానలేదు. అడుగుతారని ముందే చెబుతున్నాను. దేవుడి మీద నాకు కోపం రాలేదు. ఆ నాలుగు రోజులు నేను కళ్లు తెరిచే ఉన్నాను, అయినా ఎదుట ఉన్నదాన్ని కాకుండా నాకు కావలసినదాన్ని చూశాను. ప్రార్థన చేసే మనిషికి ఆ తప్పు సులువుగా జరుగుతుంది. ఏది జరిగినా మంచికే అనుకునే అలవాటు ఉంటుంది కాబట్టి, ఆరిపోయిన బల్బు కూడా మంచికే అనిపిస్తుంది. ఆ అలవాటు నా ఒక్కదాని వరకే అయితే ఫరవాలేదు. ఇంట్లో నా మాట మీద నడిచే నలుగురు ఉన్నప్పుడు, చూసింది చూసినట్టు చెప్పడం కూడా భక్తిలో భాగమేనని నేను యాభై దాటాక నేర్చుకున్నాను. మీలో ఎవరైనా మూఢానికో, ఊరికి పోతూనో కారును వారం దాటి నిలబెట్టేటట్టయితే ఒక్క పని చెయ్యండి. అలారాన్ని నమ్ముకోకుండా, బ్యాటరీకి ఉన్న నల్లవైరు విప్పి పక్కకు పెట్టండి. పదో నంబర్ పానా ఉంటే రెండు నిమిషాల పని, కరీం చూపించాడు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టాక ముందుగదిలో అందరం కింద కూర్చున్నాం. మా ఇంట్లో ఏ సంగతైనా మొదట నేను మాట్లాడతాను, తర్వాత మిగిలినవాళ్లు సరేనంటారు. ఆ రోజు ఎర్రబల్బు సంగతి సునీతకు నా నోటితోనే చెప్పి, "ఇగ నేను మాట్లాడ. మౌనిక చెప్పుతది" అన్నాను. సునీత కొంగు చివర వేలికి చుట్టుకుంది. "మీరు చెప్పకుంటె మాకు తెల్వకపోవు వదినె" అని మాత్రం అంది. ఆ మాటలో నింద ఎంతో, ఓదార్పు ఎంతో నేను తూచలేదు. శ్రీను కారు అమ్మేద్దామన్నాడు. మౌనిక వద్దంది. "కారేం జేసింది బాపూ. అలారం పీకించు, కారు ఉండనీ."

తర్వాత ఒక సంవత్సరం ఇంట్లోనే చదువుకుని మళ్లీ పరీక్ష రాస్తానంది. కోచింగ్‌కు పంపిస్తామంటే అక్కర్లేదంది. మళ్లీ కండ్లకోయే కేంద్రం పడితే ముందు రోజే బయల్దేరి, అదే రోడ్డు మీద పేట్ బషీరాబాద్‌లో సునీత వాళ్ల పిన్ని ఇంట్లో పడుకుంటానంది. అన్నింటికీ అందరం తలలూపాం. అప్పుడు నా వైపు తిరిగింది.

"అత్తమ్మా, నువ్వు నాకోసం దండం పెట్టుకో. రోజూ పెట్టుకో. కాని నేను ఎన్నింటికి ఎల్లాల్నో ఇగ నువ్వు చెప్పకు. నేనే చెప్త."

పదిహేడేళ్ల పిల్ల. మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ నాతో అట్లా అనలేదు. శ్రీను తల వంచుకున్నాడు, సునీత కూతురి మోకాలి మీద చెయ్యి వేసింది. అందరూ నేనేమంటానోనని చూస్తున్నారు.

"అట్లనే బిడ్డా" అన్నాను. మిగిలినవాళ్లు కూడా సరేనన్నారు.

మరుసటి మేలో ఆమె చెప్పిన సమయానికే ఇంట్లోంచి బయల్దేరాం. ఆ రోజు పంచాంగం నేను తెరవలేదు.